చిన్న సమాధికి సున్నం

గల్ఫులో గుదైబియా పేటలో లాండ్రీ మీది హాల్లో శుక్రవారం తెలుగు ఆరాధన ముగిసేసరికి పదకొండు దాటింది. పెద్దలు చివరి ప్రార్థనకి కళ్ళు మూసుకోగానే పిల్లలు మెట్లు దిగిపోయి వ్యాను ఎక్కేశారు. ఏడుగురూ కిటికీ పక్క సీటు కోసం కొట్టుకోవడం కూడా అయిపోయింది. ఇంక మల్లేశ్వరిదే ఆలస్యం.

పాస్‌పోర్టులో ఆవిడ నాగమల్లేశ్వరి. బాప్తిస్మం రోజున మార్త అని పెట్టారు గాని ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు. ఉమ్ ఖాలిద్ అనే అరబ్బు ఆవిడ ఇంట్లో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. వారానికి ఒక్క శుక్రవారం సెలవు. ఆ ఒక్క రోజూ మంచం మీద పడుకుని కాళ్ళు పిసుక్కోకుండా, ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని పోగేసి బైబిలు కథలు చెప్తుంది, పాటలు నేర్పుతుంది, ముక్కులు తుడుస్తుంది. ఇవాళ ఒక చేతిలో పులిహోర పొట్లాల సంచీ, రెండో చేతిలో తెల్ల రంగు డబ్బా, కుంచెలు. ఎడారిలో నున్నటి రాళ్ళు ఏరి వాటిమీద వాక్యాలు రాయించాలని ఆవిడ ఉద్దేశం.

వ్యాను సామ్యూలుది. ఆదివారం నుంచి గురువారం దాకా అందులో స్కూలు పిల్లలు, శుక్రవారం ప్రార్థన పిల్లలు. జల్లాఖ్ పోయే రోడ్డు పక్కన పాతకాలపు సమాధుల దిబ్బలున్నాయనీ, అక్కడ తవ్వకాల్లో తన పాత రూమ్మేటు లింగన్న పనిచేస్తున్నాడనీ, శుక్రవారం కాపలాకి అతనొక్కడే ఉంటాడనీ చెప్పి ఈ ప్రయాణం పెట్టించింది అతనే.

వ్యాను కదిలాక మల్లేశ్వరి ఫోను తీసి చూసుకుంది. ఊళ్ళో ఉన్న చెల్లెలు సువార్తమ్మ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఎల్లుండి సమాధుల పండుగ. ఏటా ఈపాటికి సమాధికి సున్నం వేయించి, బంతిపూల దండ వేసి, ఫోటో తీసి పంపేది. ఈసారి తుఫానుకి కాలవ గట్టు తెగి సమాధుల తోటలోకి నీళ్ళొచ్చేశాయి. ఆ తోటలో మల్లేశ్వరి కొడుకు రాజా ఉన్నాడు. మూడు నెలలే బతికాడు. ఉండుంటే వాడికిప్పుడు ఇరవై రెండేళ్ళు.

దిబ్బల దగ్గర వ్యాను ఆగేసరికి లింగన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని, అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. తెలుగు మాట వినబడితే చాలు, మొహం వెడల్పవుతుంది.

"రాండ్రి అక్కా, రాండ్రి. ఇగ ఇవన్నీ బొందలే. నాలుగు వేల ఏండ్ల కిందియట. మా తవ్వకాల మేడం చెప్తది."

పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఇసుక రంగు దిబ్బలు, వాటిలో కొన్ని తవ్వి తెరిచిన రాతి గోడల గదులు, మేకులకి కట్టిన దారాలు. దూరంగా రోడ్డు మీద లారీల మోత. ఏబెల్ అనే పదకొండేళ్ళవాడు ముందుగా నోరు విప్పాడు.

"అంకుల్, లోపల మనుషులున్నారా?"

"లేరు బిడ్డా. బొక్కలు డబ్బాలల్ల పెట్టి తీస్కపోయిన్రు. నేనే మోసిన."

ఒక పెద్ద గుండ్రటి గోడకి ఆనుకుని చిన్న చిన్న రాతి అరలున్నాయి. మనిషి పట్టేంత కాదు. చూడగానే మల్లేశ్వరికి అర్థమైంది గాని అడగకుండా ఉండలేకపోయింది.

"ఇవేంటి తమ్ముడూ, ఇంత చిన్నవి?"

"పోరగాండ్లయి అక్కా. పెద్దోళ్ళ పక్కపొంటి పెట్టేటోళ్ళట."

ఆ చివరి దాంట్లో ముళ్ళకంప మొలిచి ఉంది. రెండు అంచురాళ్ళు లోపలికి ఒరిగిపోయాయి. అడుగున గులకరాళ్ళు, కుండ పెంకులు, ఎగిరొచ్చిన బిస్కెట్ కాగితం. నాలుగు వేల ఏళ్ళ కిందటి తల్లెవరో గాని, ఈ అవతారం చూస్తే ఏమనుకుంటుందో అనిపించింది మల్లేశ్వరికి. పులిహోర పొట్లాలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగింది.

ఈలోగా వ్యాను వెనక చక్రం ఇసుకలో దిగబడిందని సామ్యూలు కేకేశాడు. లింగన్న చెక్కపలక భుజాన వేసుకుని పరిగెత్తాడు. పోతూ పోతూ, దారాలు కట్టిన దిక్కు పోవద్దని మాత్రం చెప్పాడు. చిన్న సమాధుల దగ్గర దారాలేమీ లేవు.

సామ్యూలు కూతురు బ్లెస్సీకి తొమ్మిదేళ్ళు. వదలకుండా ఒకే ప్రశ్న అడుగుతుంది.

"ఆంటీ, ఎల్లుండి సమాధుల పండగ కదా. వీళ్ళకి ఎవరు చేస్తారు?"

"వీళ్ళకెవరున్నారమ్మా చెయ్యడానికి."

"మరి మనం చేద్దామా?"

వద్దనాలి. వద్దనడానికి కారణమేమిటో ఎంత వెతికినా మల్లేశ్వరికి దొరకలేదు. ఎవరూ లేని సమాధిని తుడిస్తే పాపమని ఏ పుస్తకంలోనూ చదవలేదు. పైగా ఈ పిల్లల్లో నలుగురు పుట్టి బుద్ధెరిగాక ఊరి మొహం చూడలేదు. సమాధుల పండుగంటే వాళ్ళకి ఫోన్లో ఫోటో.

"ఒక్కటే చేద్దాం. ఆ చివర చిన్నది," అంది.

ముళ్ళకంప తనే చున్నీ చుట్టుకుని పీకింది. ఏబెల్ అంచురాళ్ళు నిలబెట్టాడు. పిల్లలు పెంకులు ఏరి అటూ ఇటూ విసరబోతే గదిమింది.

"పారెయ్యకండిరా, ఎవరి సామానో ఏమో. నా చేతికివ్వండి."

పక్కనే చదునైన రాయి ఉంది. ఒక్కొక్క పెంకూ తీయడం, చున్నీ కొంగుతో తుడవడం, ఆ రాయి మీద పెట్టడం. తలవైపువి పైవరసలో, కాళ్ళవైపువి కిందివరసలో. చేతులు వాటంతటవి చేసుకుపోతున్నాయి. తరవాత సీసాల్లో నీళ్ళతో కడిగారు. తెల్ల రంగు డబ్బా మూత తీశారు. ఏడు కుంచెలు నాలుగు అంచురాళ్ళ చుట్టూ మూగాయి. చివర్న, అందరిలో చిన్నపిల్ల అక్సా, దారిలో కోసుకొచ్చిన కాగితంపూల కొమ్మ తలవైపు పెట్టి, చేతులు జోడించి, "ప్రభువా, ఈ బాబుకి పులిహోర ఇవ్వు," అంది. ఎవరూ నవ్వలేదు.

ఆ ఎండలో, ఆ మట్టిలో, చిన్న సమాధి తెల్లగా ఉంది. మల్లేశ్వరికి చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టయింది.

చేతులు దులుపుకుంటూ వచ్చిన లింగన్న దాన్ని చూసి ఆగిపోయాడు. టోపీ మళ్ళీ తీశాడు. ఏదో అనబోయి పిల్లల మొహాలు చూసి మానేశాడు.

"ఏం తమ్ముడూ, బాగోలేదా?"

"బాగనే ఉంది అక్కా. మస్తుగుంది." టోపీ పెట్టుకుంటూ, "ఇగ ముట్టకుండ్రి. గట్లనే ఉండనియ్యి. రేపు మేడం వస్తది, చూద్దాం," అన్నాడు.

వాళ్ళు పులిహోర తింటున్నంతసేపూ అతను ఆ రాళ్ళవైపే చూస్తూ కూర్చున్నాడు. తన పొట్లం విప్పలేదు. మల్లేశ్వరి అది గమనించింది గాని, ఆకలి లేదేమో అనుకుంది.

శనివారం ఉమ్ ఖాలిద్ ఇంట్లో షోకేసు తుడిచే రోజు. ఈ పని ఆ ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వరు. గాజు తలుపులు తీయాలి. నేల మీద తువ్వాలు పరవాలి. పైఅరలో ఎడమవైపు నుంచి మొదలుపెట్టి అత్తరు బుడ్లు, వెండి గిన్నెలు, గాజు ఒంటెలు ఒక్కొక్కటే తీసి, అరలో ఎలా ఉన్నాయో తువ్వాలు మీద అదే వరసలో పెట్టాలి. తుడిచాక అదే వరసలో తిరిగి అరలోకి. వచ్చిన కొత్తలో ఒక ఒంటె మొహం కిటికీవైపు కాకుండా తలుపువైపు పెట్టింది. మూడు రోజుల తర్వాత ఉమ్ ఖాలిద్ కనిపెట్టి, దాని సంగతి మూడు నెలలు ఎత్తింది. ఆ తర్వాత పొరపాటు రాలేదు. ఇప్పుడు ఆ వరసలు మల్లేశ్వరి కళ్ళలో కాదు, వేళ్ళలో ఉన్నాయి.

రెండో అర తువ్వాలు మీద ఉండగా ఫోను మోగింది. లింగన్న.

"అక్కా, మేడం వచ్చింది. చూసి కూలవడ్డది. నిజంగనే ఇసుకల కూసున్నది. ఒక్క తిట్టు గూడ తిట్టలే."

"ఎందుకు? ఏం పాడయింది తమ్ముడూ? కడిగి శుభ్రం చేశాంగా."

"గదే తప్పట. దుమ్ము గూడ ముట్టద్దట. బొక్కలు తీసిన్రు గని గా తావుల పెంకలు ఇంక రాసుకునుడు కాలేదట. ఎవలు చేసిన్రు అంటే నేనే అన్న."

మల్లేశ్వరి చేతిలో గాజు ఒంటె ఉంది. దాన్ని నెమ్మదిగా తువ్వాలు మీద పెట్టింది.

"నువ్వెందుకు అన్నావు?"

"బయటోళ్ళను లోపలికి తోలిన అంటే ఇంకా పెద్ద కత కాదా? ఇగ ఫోర్‌మన్ ఖలాస్ అంటున్నడు. రేపు మేడం కాయితం రాస్తదట, రాస్తే ఇంటికి టికెటే. నాకు ఒక్కటే సమజైతలేదు అక్కా. గా పెంకలు రాయి మీద ఎవలు పెట్టిన్రని పొద్దుగాల సంది మేడం పదిసార్లు అడిగింది. నేనే అన్న. ఎట్ల పెట్టినవ్ అంటది. ఏమని చెప్పాలె?"

పిల్ల పెండ్లి మార్చిలో పెట్టుకున్నామని లింగన్న శుక్రవారం సామ్యూలుతో అంటూంటే వింది. ఇప్పుడు అతను ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే మల్లేశ్వరికి ఎక్కువ గుచ్చుకుంది.

ఎంత ఆలోచించినా తల తిరగడమే గాని తెగలేదు. ఎముకలు తవ్వి డబ్బాల్లో పెట్టి తీసుకుపోయినవాళ్ళు చదువుకున్నవాళ్ళు. బిస్కెట్ కాగితం తీసి నీళ్ళు చల్లినవాళ్ళు తప్పు చేసినవాళ్ళు. ముళ్ళకంపని ఉంచాలా? ఒరిగిన రాయి ఒరిగే ఉండాలా? తవ్వొచ్చు గాని తుడవకూడదు, ఇదెక్కడి న్యాయం? కోపం కూడా వచ్చింది, మళ్ళీ ఎవరి మీద కోపమో తెలియక అదీ పోయింది. ఒంటెలు సర్దేటప్పుడు జీవితంలో రెండోసారి ఒకదాన్ని తలుపువైపు తిప్పి పెట్టబోయింది.

సాయంత్రం సామ్యూలుకి ఫోన్ చేసింది.

"రేపు స్కూలు ట్రిప్పు అయ్యాక నన్నక్కడికి తీసుకెళ్ళు అన్నయ్యా. చేసింది నేనని చెప్తాను."

సామ్యూలు గొంతు తగ్గించాడు. "నీ పేరు చెప్తే పిల్లల పేర్లు వస్తాయి, తర్వాత ప్రార్థన పేరు వస్తుందమ్మా. పోలీసంటారు, నువ్వు పనిచేసే ఇంటివాళ్ళకి కబురెడతారు. నీ వీసా సంగతి చూసుకోవద్దా?"

"చూసుకోవాలి."

"మరి?"

"మరి అతనిది ఎవరు చూసుకుంటారు?"

సామ్యూలు గొణిగి గొణిగి ఒప్పుకున్నాడు. ఉమ్ ఖాలిద్ ఇంకా తొందరగా ఒప్పుకుంది. పదకొండేళ్ళలో ఆదివారం పూట రెండు గంటలు అడగడం ఇదే మొదలు. ఎవరికైనా ఒంట్లో బాలేదా అని మాత్రం అడిగింది. ఏం చెప్పాలో తెలియక, ఒక చిన్నపిల్లాడి పని మీద అంది మల్లేశ్వరి. అబద్ధమేమీ కాదు.

ఆదివారం తొమ్మిదింటికి వెళ్ళేసరికి అక్కడ పదిమంది పనిలో ఉన్నారు. తట్టలతో మట్టి మోసేవాళ్ళలో లింగన్న లేడు. నీళ్ళ డ్రమ్ము పక్కన ఒంటరిగా కూర్చోబెట్టారు. వాళ్ళని చూసి గాభరాగా లేచి, వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాడు. మల్లేశ్వరి చూడనట్టు నడిచింది.

తవ్వకాల మేడం యాభై దాటిన తెల్లావిడ. మోకాళ్ళ దగ్గర మాసిన పంట్లాం, మెడలో తువ్వాలు. చిన్న సమాధి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. అరబ్బీ వచ్చు. ఆవిడది పుస్తకాల అరబ్బీ, మల్లేశ్వరిది వంటింటి అరబ్బీ. అయినా మాటకి మాట అందింది.

"ఇది చేసింది లింగన్న కాదు, నేను. పిల్లలతో చేయించాను. అతను వ్యాను తొయ్యడానికి వెళ్ళాడు. పంపించేస్తే నన్ను పంపించండి."

మేడం పెన్సిలుతో పెంకులున్న చదునైన రాయి చూపించింది.

"వీటిని ఇలా పెట్టింది నువ్వేనా?"

అదే పెద్ద నేరమన్నమాట. మల్లేశ్వరి తలూపింది. "నేనే. పిల్లలు విసిరేయబోతే నేనే పెట్టాను."

"ఇలాగే ఎందుకు పెట్టావు?"

"ఇలాగే ఉన్నాయి గనక."

మేడం పెన్సిలు కింద పెట్టింది. "మళ్ళీ చెప్పు."

"లోపల ఎలా ఉన్నాయో అలా పెట్టాను. తుడవడానికి తీస్తే ఎవరైనా అలాగే పెడతారు కదా. ఇది తలవైపు మూలలోది. దీని పక్కన ఇది, బోర్లా పడి ఉంది. ఇది కంప వేరు కింద..." చెప్తూ చెప్తూ ఆగిపోయింది. ఇంత చిన్న విషయం ఈవిడ ఇంత శ్రద్ధగా ఎందుకు వింటోందో అంతు పట్టలేదు.

మేడం పక్కకి జరిగి పీట చూపించింది. "తిరిగి పెట్టగలవా?"

మల్లేశ్వరి చెప్పులు విడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. పైవరస ఎడమ నుంచి మొదలుపెట్టింది. పెంకు తీయడం, లోపలికి వంగడం, ఒక క్షణం చెయ్యి గాలిలో ఆపడం, పెట్టడం. మేడం ప్రతిదానికీ ఫోటో తీసి అంకె రాసుకుంది. పదిహేడు పెట్టాక చెయ్యి ఆగింది.

"ఇక్కడ ఇంకోటి ఉండాలి. బొటనవేలంత. ఎర్రది, మీద గీతలున్నాయి."

రాయి మీద అలాంటిది లేదు. చుట్టూ వెతికారు, లేదు. అప్పటిదాకా మాట్లాడని సామ్యూలు దగ్గి, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అతని మొహం కందిపోయి ఉంది.

"మా బ్లెస్సీ పొద్దున్న ఏడ్చుకుంటూ ఇచ్చిందమ్మా. జామెట్రీ బాక్సులో దాచుకుందట."

ఎర్రది, గీతలున్నది. మేడం దాన్ని తీసుకుని, మల్లేశ్వరి చూపించిన చోట పెట్టి, దాని అంకె కూడా రాసుకుంది. తర్వాత దూరంగా నిలబడ్డ ఫోర్‌మన్‌ని పిలిచి రెండు మాటలు చెప్పింది. కాసేపటికి లింగన్న తట్ట నెత్తిన పెట్టుకుని మట్టి మోస్తూ కనిపించాడు. శుక్రవారం కాపలా మాత్రం ఇంక అతనికివ్వరట. ఆ కాపలా డబ్బులు పోతే పోయినయి, పని ఉన్నది చాలన్నట్టు దూరం నుంచే గుండెల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. మేడం దూదీ నీళ్ళూ ఇచ్చింది. ఏడుగురు పిల్లలు వేసిన తెలుపు తన చేత్తోనే తుడవాలి. తుడిచింది. పైది పోయింది, రాతి గుంటల్లోది పోలేదు. ఏబెల్ నిలబెట్టిన రాళ్ళు రెండూ, ఎంత ఒరిగి ఉండేవో చూసి మళ్ళీ అంతే ఒరగబెట్టింది. కాగితంపూల కొమ్మ తీసి పక్కన పెట్టింది. ఇవాళే సమాధుల పండుగ. లోకంలో ఈపాటికి తల్లులందరూ బిడ్డల సమాధులకి సున్నం వేస్తుంటే, తను వేసినదాన్ని గోకి తీస్తోంది. కళ్ళు నిండాయి. చేతులకి మట్టి ఉండటంతో మోచేత్తో తుడుచుకుంది.

"మీరు ఎముకలు తీసుకుపోయారు కదా," అంది ఉండబట్టలేక. "నేను తుడిస్తే ఎందుకు తప్పు?"

మేడం వచ్చి పక్కన కూర్చుంది. "ఈ బిడ్డకి రెండేళ్ళుంటాయి. ఎవరి బిడ్డో, ఏ పేరో రాసిపెట్టలేదు. ఈ పెంకులు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో, అదే మాకు దొరికిన కబురు. నువ్వు తుడిచేస్తే శుభ్రంగా ఉంటుంది, ఏమీ చెప్పదు." మళ్ళీ తనే, "తీసుకుపోవడం మాత్రం న్యాయమేనా అంటే, నాకూ కొన్ని రోజులు తెలియదు," అంది.

మల్లేశ్వరికి సగం అర్థమైంది, సగం కాలేదు. ఆ కానిదే దారంతా తలలో తిరిగింది.

వ్యాను రోడ్డెక్కగానే ఫోను మోగింది. సువార్తమ్మ వీడియోలో ఉంది. చీర పైకి దోపుకుని, చేతిలో సున్నం బక్కెట్టు, వెనక బురద.

"ఇప్పుడే నీళ్ళు తీశాయే అక్కా. వారం నుంచి చూస్తన్నాను. అడుగు ముందుకెయ్యడానికి లేదు. నువ్వు చూడకు, బాధపడతావు. అరగంటలో కడిగేసి, సున్నమేసి, దండేసి అప్పుడు చూపిస్తాను."

పదకొండేళ్ళుగా అంతే. కడిగాక, సున్నం వేశాక, దండ వేశాక. రాజా సమాధి ఇప్పుడెలా ఉంటుందని ఎవరైనా అడిగితే మల్లేశ్వరి తెల్లగా ఉంటుందని మాత్రమే చెప్పగలదు.

"సున్నం తర్వాతేద్దువు గాని. బక్కెట్టు కింద పెట్టు."

"ఏం? పండగ కదే ఇవాళ!"

"ముట్టుకోకు. ఏది ఎక్కడుందో ముందు నాకు చెప్పు."

సువార్తమ్మ అయోమయంగా అటూ ఇటూ చూసింది. "ఏం చెప్పమంటావే? అంతా బురదేగా."

"బురదే చెప్పు."

సామ్యూలు వ్యాను పక్కకి తీసి ఆపాడు. సువార్తమ్మ కాసేపు నసిగి, ఫోను తిప్పి, వంగి చూసి, మొదలుపెట్టింది. తలవైపు రాయి కాలవవైపుకి వాలిందే. దాని మీద రెండు నత్తగుల్లలు అతుక్కున్నాయి. కాళ్ళ దగ్గర ఎవరిదో పిల్లల గిలక్కాయ కొట్టుకొచ్చింది, పచ్చది. పక్కన గరికలో...

"నెమ్మదిగా," అంది మల్లేశ్వరి. "ఎడమవైపు నుంచి చెప్పు."